సరీసృపాలు, ఉభయచరాల రిజిస్ట్రేషన్ నిబంధనలు: హైదరాబాద్ నుంచి మనం పంపే సూచనల పత్రానికి చేర్పులు, మార్పులు ఇక్కడ రాయండి

#1 పొలుసుపురాణం

పెంచేవాళ్ళు, షాపుల వాళ్ళు, రెస్క్యూ వాళ్ళు అందరి తరఫునా అటవీ శాఖకి ఒకే పత్రం ఇద్దామనుకున్నాం కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నా.

నేపథ్యం క్లుప్తంగా. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధాల్లోని జాతులన్నీ ఇప్పుడు నాలుగో షెడ్యూల్. 49ఎం సెక్షన్ ప్రకారం అలాంటి ప్రాణి మన దగ్గరుంటే నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చచ్చిపోయినా తెలియజేయాలి. 2024 ఫిబ్రవరి ఆఖర్న వచ్చిన నిబంధనలతో ఇదంతా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌కి వెళ్ళింది. అప్పటికే ఉన్నవాటికి ఇచ్చిన ఆరు నెలల గడువు ఆగస్టుతో అయిపోయింది. ఇప్పుడు కొత్తగా తెచ్చుకున్నదానికి 30 రోజులు.

నా అభిప్రాయం: నమోదు ఉండాల్సిందే. గొడవంతా ఆ పద్ధతి చిలకలకి, మకావ్‌లకి సరిపోయేలా ఉండటంతోనే. కాలికి రింగు, ఏడాదికి రెండు మూడు పిల్లలు, చూడగానే పోల్చుకునే రూపం. ఒక్కసారికి నాలుగొందల గుడ్లు పెట్టే జీవికి, ముప్పై సెంటీమీటర్లు పెరిగేదాకా ఆడో మగో చెప్పలేని తాబేలుకి అది కుదరదు. "మమ్మల్ని వదిలేయండి" అని రాస్తే ఆ కాగితం ఎవరూ చదవరు. ఏ గడిలో ఏం మార్చాలో, ఆ మార్పు వల్ల తనిఖీకి వచ్చే ఆఫీసరుకి పని ఎలా తగ్గుతుందో రాస్తే చదువుతారు. అలాంటివే చెప్పండి.

#2 ముర్గీచౌక్

అన్నా, ముందుగాల షాపులోళ్ళ సంగతి రాయుండ్రి. ఆక్సొలాటల్ ఉభయచరం అని, సైటీస్ రెండో అనుబంధంల ఉన్నదని అక్వేరియం షాపుల సగం మందికి తెల్వదు. వాకింగ్ ఫిష్ అని చేప లెక్క బిల్లు కొడ్తరు. కొన్నోడు 30 రోజుల్ల నమోదు చెయ్యాలంటే ఆ బిల్లు ఏం పనికొస్తది? బిల్లు మీద శాస్త్రీయ నామం, అనుబంధం, అమ్మినోని నమోదు నంబరు ఉండాలె. ఈ మూడు లేనిదే అమ్మొద్దని శాఖోళ్ళు ఒక్క సర్క్యులర్ ఇస్తే సాలు. 2018 పెట్ షాప్ నిబంధనల కింద రికార్డులు ఎట్లాగూ పెట్టాలె గదా, దాంట్లనే ఈ మూడు గడులు కలపమనుండ్రి. కొత్త రిజిస్టర్ అంటే మాత్రం ఎవ్వడు పెట్టడు, నేను గ్యారంటీ.

#3 చల్లనీళ్ళు

ఆక్సొలాటల్ గురించి ముర్గీచౌక్ అన్న చెప్పింది నిజం. దానికి ఇంకొన్ని వివరాలు.

ఒక ఆడది ఒక్క విడతలో వంద నుంచి వెయ్యి దాకా గుడ్లు పెడుతుంది. 18 డిగ్రీల నీళ్ళలో రెండు మూడు వారాల్లో పిల్లలవుతాయి. ముందు కాళ్ళు వచ్చే వయసులో ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. తిండి ఒక్కపూట తప్పినా, తొట్టి ఇరుకైనా సంఖ్య సగానికి పడిపోతుంది. ఇప్పుడు ఏ రోజు లెక్కని 'పుట్టినవి' అని రాయాలి? గుడ్లు రాస్తే నెల తిరక్కుండా మూడొందల మరణాలు రాయాలి. రాయకపోతే దొంగచాటుగా అమ్మారంటారు.

నా సూచన: పొడవు 5 సెంటీమీటర్లు దాటాకే లెక్క. అది కూడా విడత నమోదు, అంటే తల్లిదండ్రుల నంబర్లు, గుడ్లు పెట్టిన తేదీ, 5 సెంటీమీటర్లు దాటినవి ఎన్ని అన్న వివరాలతో ఒకే ఎంట్రీ. ఒక్కోటి అమ్ముడయ్యేటప్పుడు ఆ విడత నుంచి ఒకటి తీసేసి కొన్నవాడి పేరు మీద ఎక్కించాలి. గుడ్లు అక్కర్లేనివాళ్ళు పెట్టిన 24 గంటల్లోపు ఫ్రీజర్‌లో పెట్టి నాశనం చేస్తారు. దాన్ని 'మరణం' కింద లెక్కించకూడదని విడిగా రాయాలి.

ఫొటో గుర్తింపు కూడా దీనికి పనికిరాదు. తెల్లటి ల్యూసిస్టిక్‌లు రెండు పక్కపక్కన పెడితే పెంచేవాడికే తేడా తెలియదు. మొప్పల ఈకలు నీటి నాణ్యతని బట్టి పెరుగుతాయి, రాలతాయి, కాలు తెగినా మళ్ళీ వస్తుంది. అందుకే తొట్టి సంఖ్యతో నమోదు చేయాలి.

తనిఖీలో నీటి ఉష్ణోగ్రత ఒక్కటి చూస్తే చాలు. 16 నుంచి 18 ఉండాలి, 24 దాటితే బాధపడుతుంది. మే నెలలో మన ట్యాంకు నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా ఈ ఊళ్ళో దీన్ని పెంచడం కుదరదు. నీటి మీదికి ఫ్యాను పెడితే ఎండాకాలపు పొడి గాలికి మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది, వానాకాలపు తేమలో అంత కూడా తగ్గదు. 'చిల్లర్ ఉందా, థర్మామీటర్ ఎంత చూపిస్తోంది' అన్న రెండు గడులు తనిఖీ ఫారంలో ఉంటే సగం షాపులు వాటంతటవే ఈ వ్యాపారం మానేస్తాయి. మానేయాలి కూడా.

#4 ముర్గీచౌక్

చిల్లర్ ధర సూసి మాట్లాడు తమ్మీ 🙂 గనీ మాట ఒప్పుకుంట. చచ్చిన మాల్ మాక్కూడ నష్టమే.

#5 వెట్_రెప్టైల్స్

గుర్తింపు, మరణం, ఈ రెండింటి మీద వైద్యం వైపు నుంచి.

చిప్ (గుర్తింపు నంబరు కోసం ప్రాణి ఒంట్లో వేసేది): మామూలు చిప్ 12 మిల్లీమీటర్లు, సూది లావు. చిన్నవాటికి 8 మిల్లీమీటర్ల మినీ చిప్ దొరుకుతుంది. 134.2 కిలోహెర్ట్జ్ రీడర్‌తో చదవగలిగే 15 అంకెల ఐఎస్ఓ చిప్ మాత్రమే వేయించండి, చవకగా దొరికే వేరే రకాలు శాఖ రీడర్‌కి కనిపించవు. పాముకి మెడ ఎడమ పక్కన, ముక్కు కొన నుంచి రెండు తలల పొడవు దూరంలో చర్మం కింద. తాబేలుకి, బల్లికి ఎడమ వెనక కాలి మొదట్లో చర్మం కింద. సూది పొలుసు మధ్యలోంచి కాదు, రెండు పొలుసుల నడుమ నుంచి వెళ్ళాలి. వీటి చర్మం కుక్క చర్మంలా సాగి మూసుకోదు కాబట్టి రంధ్రాన్ని టిష్యూ గ్లూతో మూయాలి, లేకపోతే రెండో రోజుకి చిప్ బయటకి జారిపోతుంది. ఎడమ, కుడి అనేది దేశమంతా ఒకటే ఉండాలి. ఒకరు ఎడమ, ఇంకొకరు కుడి వేస్తే తనిఖీలో 'చిప్ లేదు' అని రాసేస్తారు. ఇది పత్రంలో తప్పకుండా పెట్టండి.

చిప్ వేయలేనంత చిన్నవాటికి ఫొటో. బాల్ పైథాన్‌కి (ఆఫ్రికా కొండచిలువ) తల పైనుంచి, రెండు పక్కల నుంచి, మెడ తర్వాత శరీరంలో మొదటి మూడో వంతు పైనుంచి. ఆ నమూనా జీవితాంతం మారదు, రంగు మాత్రం ముదురుతుంది. తాబేలుకి పైడొప్ప, కింది డొప్ప, పక్కన సెంటీమీటర్ల స్కేలు పెట్టి. తాబేలు పెరుగుతున్న కొద్దీ గీతలు సాగుతాయి కాబట్టి ఏటా కొత్త ఫొటో కావాలి. 'లింగం' గడిలో 'తెలియదు' అన్న ఎంపిక ఉండి, తర్వాత దిద్దుకునే వీలుండాలి. ఏదో ఒకటి నొక్కేసి రెండేళ్ళకి గుడ్లు పెడితే ఆ రికార్డు అబద్ధమైపోతుంది.

మరణం: శవాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి. గడ్డకట్టి కరిగితే కణాలు పగిలిపోతాయి, కణజాల పరీక్షలో ఏమీ తేలదు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, రెండు కవర్లలో, 24 గంటల్లోపు వైద్యుడి దగ్గరకి. అంతలోపు కుదరదంటే కాలేయం, మూత్రపిండం, ఊపిరితిత్తి, పేగు ముక్కలు అర సెంటీమీటరు మందంలో కోయించి 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ముక్కలకి పదింతలు ఫార్మలిన్. నిండా ముక్కలు వేసి పైన కాస్త ఫార్మలిన్ పోసిన సీసాలు ల్యాబ్‌కి వస్తుంటాయి, లోపల అంతా కుళ్ళే ఉంటుంది.

ఆఫీసు వైపు ఇబ్బంది ఏమిటంటే సరీసృపాలకి పోస్ట్‌మార్టం చేయగల వైద్యులు ఊళ్ళో కొద్దిమందే. 5 సెంటీమీటర్ల పిల్లకి పోస్ట్‌మార్టం అడగడంలో అర్థం లేదు. ఫలానా బరువు దాటినవాటికే నివేదిక, అంతకన్నా చిన్నవాటికి తేదీ వేసిన ఫొటో చాలు అని అడుగుదాం. బరువు 50 గ్రాములు పెడదామా?

#6 పొలుసుపురాణం

50 గ్రాములంటే అప్పుడే పుట్టిన బాల్ పైథాన్‌లు కొన్ని లోపల, కొన్ని బయట పడతాయి. 100 పెడదాం, గొడవ ఉండదు.

#7 ఉడుముపట్టు

రెస్క్యూ వైపు నుంచి నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. కాస్త కటువుగా అనిపించినా చదవండి.

ఒకటి. పత్రంలో నక్షత్ర తాబేలు మాట ఎక్కడా రాకూడదు. మొన్న ఎవరో 'పాతవాటికి నమోదు అవకాశం ఇవ్వండి' అన్న వాక్యం పెట్టారు. 2019లో అది సైటీస్ మొదటి అనుబంధంలోకి వెళ్ళింది, మన చట్టంలో ఒకటో షెడ్యూల్. ఒక జాతి ఒకటి రెండు షెడ్యూళ్ళలో కూడా ఉండి, నాలుగులో కూడా ఉంటే మొదటివాటి నియమాలే వర్తిస్తాయని చట్టంలోనే ఉంది. అంటే పరివేష్‌లో దానికి తలుపే లేదు. ఇంట్లో ఉంటే నేరం. ఒకటో షెడ్యూల్ ప్రాణికి మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25 వేల జరిమానా. ఉడుము, కొండచిలువలదీ ఇదే కథ. వీటికి మినహాయింపు అడిగితే మిగతా పత్రం మొత్తం దొంగల జాబితాలా కనిపిస్తుంది.

చాలామంది పాత వెబ్‌సైట్లు చూసి 'నక్షత్ర తాబేలు నాలుగో షెడ్యూలే కదా' అంటారు. అది 2022కి ముందు నాలుగు. ఇప్పటి నాలుగు పూర్తిగా వేరే.

రెండు. బయటి దేశపు జాతి పేరుతో మన జాతిని నమోదు చేయించడం. మడగాస్కర్ రేడియేటెడ్ తాబేలు అని నక్షత్ర తాబేలుని చూపిస్తారు. తేడా మెడ మీద. డొప్ప ముందు అంచున, మెడకి సరిగ్గా పైన, మధ్యలో చిన్న పలక ఉంటే రేడియేటెడ్, లేకపోతే మన నక్షత్ర తాబేలు. బర్మా నక్షత్ర తాబేలుతో తికమక పడితే బోర్లించి చూడాలి. మనదాని కింది డొప్ప మీద కూడా కిరణాల్లా గీతలుంటాయి, బర్మాదానికి నల్ల మచ్చలే ఉంటాయి, గీతలుండవు. అసలు ఈ రెండు విదేశీ తాబేళ్ళూ మొదటి అనుబంధంవే, ఇంట్లో పెంచేవి కావు. తనిఖీ ఆఫీసర్లకి ఇలాంటి గుర్తులతో ఒక పేజీ చార్టు మనమే ఇద్దాం. అనుమానం తీరకపోతే అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి వన్యప్రాణుల పరిశోధన ల్యాబ్ లాకోన్స్ ఉంది, చిన్న కణజాలపు ముక్కతో డీఎన్ఏ చూసి జాతి చెప్పగలరు. ఆ ల్యాబ్ ఊళ్ళోనే ఉండటం మన రాష్ట్రానికి ఉన్న సౌకర్యం, పత్రంలో రాయండి.

మూడు. 'బంధనంలో పుట్టింది' అన్న మాటకి నిర్వచనం లేకుండా సడలింపు అడగొద్దు. గుడ్లతో ఉన్న ఆడదాన్ని అడవిలో పట్టి ఇంట్లో గుడ్లు పెట్టించినా 'ఇంట్లోనే పుట్టాయి' అంటారు.

#8 కాగితంపులి

ఉడుముపట్టు మూడో మాటకి జవాబు సైటీస్ కోడ్‌లలోనే ఉంది. సి అంటే బంధనంలో పుట్టి, ఆ సంతతి రెండో తరం దాకా నిలబడుతుందని రుజువైనది. ఎఫ్ అంటే బంధనంలో పుట్టింది కానీ సి స్థాయికి రానిది, ఎక్కువగా మొదటి తరం. డబ్ల్యూ అడవిది. యూ అంటే మూలం తెలియదు. ఫారంలో 'ఎలా వచ్చింది' అన్న ఖాళీ గడి బదులు ఈ అక్షరాల్లో ఒకటి ఎంచుకోమంటే చాలు. యూ ఎంచుకుంటే పెంచుకోవచ్చు, అమ్మడానికీ పొదిగించడానికీ వీల్లేదు అన్న షరతు మనమే ప్రతిపాదిద్దాం. మన వైపు నుంచి ఒక కఠినమైన షరతు వస్తే మిగతావి అడిగే అర్హత ఉంటుంది.

ఇక పత్రం రూపం. ఇప్పుడున్న ముసాయిదా తప్పు చోటికి వెళ్తోంది. కేంద్రం చేసిన నిబంధనల్ని మార్చే అధికారం అరణ్య భవన్‌కి (రాష్ట్ర అటవీ శాఖ కార్యాలయం) లేదు, అది ఢిల్లీ పని. కానీ తనిఖీ ఎలా చేయాలి, ఎన్ని రోజుల్లో, ఎవరు రావాలి, ఏ ఫొటోలు చాలు అన్నది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉత్తర్వుతో తేలుతుంది. కాబట్టి రెండు పత్రాలు. హైదరాబాద్‌కి వెళ్ళేదాంట్లో చిప్ స్థానం, ఫొటో కోణాలు, గుర్తుల చార్టు, తనిఖీ పద్ధతి, షాపు బిల్లు. ఢిల్లీకి వెళ్ళేదాంట్లో విడత నమోదు, మరణ నివేదికకి బరువు పరిమితి, మూలం కోడ్‌లు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మరో గడువు.

ఆ గడువు సంగతి కూడా చెప్తా. 2020 జూన్‌లో కేంద్రం ఇచ్చిన సలహా పత్రం ప్రకారం ఆరు నెలల్లో స్వచ్ఛందంగా ప్రకటించినవాళ్ళని దిగుమతి కాగితాలు అడగలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. అప్పటి రసీదు ఉన్నవాళ్ళు దాన్ని ఇప్పటి దరఖాస్తుకి తప్పనిసరిగా జతచేయండి, అది లేకుండా పంపితే దిగుమతి లైసెన్స్ ఏదని ప్రశ్న వస్తుంది. బయటి నుంచి బతికున్న సరీసృపాన్ని తేవాలంటే డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్స్ కావాలి, చాలామంది దగ్గర ఉండేది ఏజెంటు చేత్తో రాసిచ్చిన చీటీ.

దరఖాస్తు వెనక్కి రావడానికి మామూలు కారణం పేర్లు. పాత బిల్లులో 'జియోకెలోన్ సల్కాటా' అని ఉంటుంది, సైటీస్ జాబితాలో 'సెంట్రోకెలిస్ సల్కాటా'. రెండూ ఒకటేనని కింద ఒక వాక్యం రాయకపోతే ఆఫీసరు రెండు జంతువులనుకుంటాడు. బాల్ పైథాన్‌లో 'బనానా', 'పైడ్' అన్నవి రంగుల రకాలు, జాతి గడిలో 'పైథాన్ రీజియస్' ఒక్కటే ఉండాలి, రంగు పేరు రిమార్కులో. కార్న్ స్నేక్, క్రెస్టెడ్ గెకో, పాక్‌మన్ కప్ప సైటీస్‌లో లేవు, వాటిని తీసుకెళ్ళి పోర్టల్‌లో పడేయకండి. పెండింగ్ దరఖాస్తుల గుట్ట అలాగే పెరుగుతుంది.

పెండింగ్ ఎన్ని ఉన్నాయో తెలియాలంటే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. సరీసృపాలవి, ఉభయచరాలవి విడివిడిగా అడగండి, లేకపోతే చిలకలన్నీ కలిపి ఒకే అంకె ఇస్తారు.

#9 గచ్చిబౌలిగెకో

తనిఖీ గురించి ఎవరూ అనలేదు. ఒకే రోజు నాలుగు ఇళ్ళు తిరిగే బృందం జబ్బుల్ని మోసుకెళ్తుంది. పాము పేలు చొక్కా చేతుల మీద వస్తాయి. బల్లుల పేగుల్లో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి బ్లీచింగ్‌కి చావదు, దానికి వేడి లేదా అమ్మోనియా కావాలి. ఉభయచరాల చర్మాన్ని తినే కైట్రిడ్ ఫంగస్ మాత్రం 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషానికి పోతుంది. కనీస నియమాలు: ఇంటికో జత గ్లవ్స్, ప్రాణిని ముట్టుకోవాల్సింది యజమానే, ఆఫీసరు రీడర్ మాత్రమే దగ్గరకి తేవాలి, రీడర్‌కి కవరు తొడగాలి, ఉభయచరాల ఇల్లు రోజులో మొదటిది. కుబుసం విడిచే సమయంలో ఉన్న పాముని, తిని 48 గంటలు కాని పాముని పెట్టెలోంచి తీయించకూడదు, కక్కేస్తుంది. వీడియో కాల్‌లో చూపించడానికి అనుమతి అడిగితే?

#10 ఉడుముపట్టు

వీడియో కాల్‌కి నేను ఒప్పుకోను. పక్కింటి పాముని చూపిస్తారు. మొదటిసారి మనిషే రావాలి, ఏటా చూసేది వీడియోలో కానివ్వండి.

#11 గచ్చిబౌలిగెకో

సరే, అలాగే. కాల్‌లో ముందు చిప్ రీడర్ తెర మీది అంకెలు, అదే షాట్‌లో కట్ లేకుండా జంతువు.

#12 చెరువుగట్టు

ఎర్రచెవి తాబేలు సంగతేంటి? నా లెక్కలో ఈ ఊరికి అసలు సమస్య అదే. మూడు నాలుగు సెంటీమీటర్ల పిల్లని గాజు గిన్నెలో పెట్టి అమ్ముతారు. ఆడది 25 నుంచి 30 సెంటీమీటర్లు పెరుగుతుంది, రోజూ నీళ్ళు మార్చాలి, కంపు. రెండేళ్ళకి తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు, పుణ్యం అనుకుంటూ. అది ఎండ కాచుకునే రాళ్ళని, తిండిని మన తాబేళ్ళ దగ్గర్నుంచి లాక్కుంటుంది. పైగా దాని ఒంటి మీద సాల్మొనెల్లా, అంటే మనుషులకి విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా.

సైటీస్‌లో లేదు కాబట్టి 49ఎం దానికి తగలదు. కానీ 2022 సవరణలో 62ఏ సెక్షన్ వచ్చింది. చొరబాటు విదేశీ జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకం మీద కేంద్రం ఆంక్షలు పెట్టవచ్చు. ఇందులో మనం అడగాల్సింది వరస. ముందు అప్పగించే చోటు, తర్వాత అమ్మకం నిషేధం, ఆఖర్న పెంపకం మీద ఆంక్ష. తిరగేసి చేస్తే నిషేధం వచ్చిన వారానికే ఊళ్ళో ఉన్న తాబేళ్ళన్నీ చెరువుల్లో తేలతాయి. అప్పగించే చోట పేరు అడగకూడదు, ఫైను వేయకూడదు.

#13 ముర్గీచౌక్

అమ్మకం బంద్ అంటే మా అసోసియేషన్ ఒప్పుకోదు. ఆర్నెల్లు స్టాక్ ఖాళీ చేస్కోనియ్యాలె.

#14 చెరువుగట్టు

స్టాక్ ఖాళీ అంటే ఆర్నెల్లలో ఇంకో వెయ్యి ఇళ్ళకి పంపడమే కదా. దిగుమతి, హోల్‌సేల్ మొదటి రోజే ఆగాలి. షాపులో మిగిలినవి అప్పగింత చోటుకి. రవాణా ఖర్చు కావాలంటే అడగండి, దానికి నేనూ సంతకం పెడతా.

#15 పొలుసుపురాణం

ఈ ఒక్క దాని మీద ఏకాభిప్రాయం రాదు. రెండు అభిప్రాయాలూ పక్కపక్కన, ఎవరివి వాళ్ళ పేరుతో పెడదాం. అందరూ ఒప్పుకున్నట్టు నటించే పత్రం కన్నా అది నయం.

#16 రక్తపింజర

పరిశ్రమ అంటే షాపులే కాదు, విషం సంగతి కూడా రాయండి. మన దేశపు పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాలతో తయారవుతుంది. ఆ విషం ఎక్కువగా వచ్చేది చెన్నై దగ్గరి ఇరుల సహకార సంఘం నుంచి, 1978 నుంచీ. మందు తయారీ మన తెలంగాణలోనూ ఉంది, విషం మాత్రం అక్కడిది. రక్తపింజర విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒకచోటి విషంతో చేసిన మందు ఇంకోచోట ఎక్కువ వయల్స్ పడుతుంది. ప్రాణరక్షక మందుల కోసం విషం సేకరణకి 12వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వవచ్చు. ఇక్కడి పాముల నుంచి ఇక్కడే విషం తీసే కేంద్రానికి ఆ అనుమతి పరిశీలించమని అడుగుదాం.

#17 కాగితంపులి

మంచి మాటే, కానీ ఈ పత్రంలో కాదు. పెంపుడు జంతువుల కాగితం మధ్యలో విషం అన్న మాట కనపడగానే ఫైలు వేరే టేబుల్‌కి వెళ్తుంది. విడి లేఖ రాయండి, ఆరోగ్య శాఖకి కూడా కాపీ పెట్టండి.

#18 పొలుసుపురాణం

సరే. హైదరాబాద్ పత్రంలోకి ఇప్పటిదాకా వచ్చిన వాక్యాలు ఇవి, పదాలు చూడండి:

"చిప్‌ను పాములకు మెడ ఎడమ వైపున, తాబేళ్ళకు, బల్లులకు ఎడమ వెనక కాలి మొదట్లో మాత్రమే వేయాలని, తనిఖీ బృందం కూడా అక్కడే మొదట వెతకాలని ఉత్తర్వు ఇవ్వగలరు."

"ప్రాణిని పట్టుకోవడం యజమాని లేదా పశువైద్యుడి పని. ఉభయచరాలున్న చోట తనిఖీ ఆ రోజు మొదటిదిగా ఉండాలి. ఇంటింటికీ గ్లవ్స్ మార్చాలి."

"దరఖాస్తు అందిన తర్వాత మొదటి తనిఖీకి 45 రోజుల గరిష్ఠ గడువు పెట్టగలరు. ఏటా జరిగే పరిశీలన వీడియో ద్వారా జరపవచ్చు."

"అమ్మకపు బిల్లుపై శాస్త్రీయ నామం, సైటీస్ అనుబంధం, అమ్మినవారి నమోదు సంఖ్య తప్పనిసరి చేయగలరు."

#19 వెట్_రెప్టైల్స్

మొదటి వాక్యంలో 'చర్మం కింద' అని కలపండి. అది లేకపోతే కండరంలోకి గుచ్చేవాళ్ళుంటారు. కప్పలు, ఆక్సొలాటల్‌ల విషయంలో చిప్ తప్పనిసరి కాదని రెండో పంక్తి కూడా.

#20 ముర్గీచౌక్

ఆఖరు వాక్యంల 'సైటీస్‌లో లేని జాతులకు ఇది వర్తించదు' అని ఏయుండ్రి. లేకుంటే గోల్డ్‌ఫిష్ బిల్లు మీద గూడ అనుబంధం ఏదని అడుగుతరు.

#21 పొలుసుపురాణం

రెండూ కలిపాను. గుర్తుల చార్టుకి నక్షత్ర తాబేలు, రేడియేటెడ్ తాబేలు మెడ పలకల దగ్గరి ఫొటోలు కావాలి. జూ ఆవరణల దగ్గర తీసినవైనా సరే, స్కేలు లేకపోయినా పలక స్పష్టంగా కనపడాలి. ఇళ్ళలో ఉన్న నక్షత్ర తాబేళ్ళ ఫొటోలు మాత్రం దయచేసి పంపకండి.